తగ్గుదల శాతం: సూత్రం వచ్చినా లెక్క తప్పుతోంది, ఒకే సిమెంటు బస్తాకు మూడు జవాబులు

చాక్‌పీసు

7వ తరగతికి తగ్గుదల శాతం చెప్తున్నా. సూత్రం అందరికీ నోటికి వచ్చు: తగ్గుదలను తొలి విలువతో భాగించి 100తో గుణించడం. 800 నుంచి 600కి తగ్గితే ఎంత శాతం అంటే టక్కున 25 అంటారు. అదే లెక్క మాటల్లో ఇస్తే క్లాసు మూడు ముక్కలవుతోంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, దాన్నే లెక్క చేసి ఇచ్చాను: "పన్ను కలపకముందు బస్తా ధర 250 రూపాయలు. పన్ను తగ్గాక కొనేవాళ్లకు బస్తా ఎంత శాతం చవకైంది?"

పాత ధర 250 + 70 = 320. కొత్త ధర 250 + 45 = 295. తేడా 25. ఇంతదాకా పేచీ లేదు. ఆ తర్వాత సగం మంది 10 శాతం అన్నారు, కొందరు 8.47, మిగతావాళ్లు 7.81. 10 అన్నవాళ్లయితే ససేమిరా ఒప్పుకోవట్లేదు. "28లోంచి 18 తీసేస్తే పదే కదా సార్" అంటున్నారు. సూత్రం మళ్లీ చెప్పి లాభం లేదు, అది వాళ్లకు వచ్చు. ఎలా చెప్తే బుర్రకెక్కుతుంది?

హారమే_ఆధారం

మూడు జవాబులూ బోర్డు మీద పక్కపక్కనే భిన్నాలుగా రాయండి. 25/250, 25/295, 25/320. లవం మూడింట్లోనూ ఒకటే, మారింది హారం ఒక్కటే. 25 రూపాయలు 250లో 10 శాతం, 295లో 8.47 శాతం, 320లో 7.81 శాతం. లెక్క కట్టడం ఎవరికీ తప్పలేదు. దేనిలో 25 అన్న దగ్గరే దారులు చీలాయి.

10 అన్న పిల్లాడితో "నీది తప్పు" అనకండి. "నువ్వు వేరే ప్రశ్నకు సరైన జవాబు రాశావు, ఆ ప్రశ్న ఏంటో చెప్పు" అనండి. 10 శాతం వచ్చేది "పన్ను లేని ధరలో ఎంత భాగం తగ్గింది" అంటే. 8.47 వచ్చేది "295 ఎంత శాతం పెరిగితే మళ్లీ 320 అవుతుంది" అంటే. మనం అడిగింది కొనేవాళ్ల సంగతి. వాళ్లు నిన్నటిదాకా ఇచ్చింది 320. కాబట్టి 320 కిందికి రావాలి.

సున్నాశేషం

@హారమే_ఆధారం చెప్పిందే. ఇంకోటి, ఈ లెక్కకు 250 కూడా అక్కర్లేదు. పన్ను లేని ధర 100 అనుకుంటే పాతది 128, కొత్తది 118. 10/128 = 7.8125 శాతం. బస్తా 250 అయినా 290 అయినా ఇదే వస్తుంది. పిల్లల చేత రెండు మూడు ధరలతో చేయించండి. ప్రతిసారీ 7.81 వస్తుంటే "అయితే ధరతో పనిలేదా" అని వాళ్లే అడుగుతారు.

సిమెంటు కంటే వాళ్ల బ్యాగులో ఉన్నవాటితో మొదలుపెడితే ఇంకా నయం. అదే రోజు జామెట్రీ బాక్సు మీద పన్ను 12 నుంచి 5కి, నోటుపుస్తకాలు, పెన్సిళ్ల మీద 12 నుంచి సున్నాకి తగ్గింది. సబ్బు, టూత్‌పేస్టు 18 నుంచి 5కి.

12 నుంచి 5: 7/112, సరిగ్గా 6.25 శాతం
12 నుంచి 0: 12/112, 10.71 శాతం
18 నుంచి 5: 13/118, 11.02 శాతం
5 నుంచి 0: 5/105, 4.76 శాతం

జామెట్రీ బాక్సు లెక్క మొదట ఇవ్వండి. 112 రూపాయలది 105 అవుతుంది, 7/112 అంటే పదహారో వంతు. దశాంశాల గొడవ లేకుండా తేలుతుంది.

మావాడి_హోంవర్కు

మరి పేపర్లలో, టీవీల్లో "సిమెంటుపై పన్ను 10 శాతం తగ్గింపు" అని వచ్చింది కదండీ. అది తప్పా? మావాడు ఆ కటింగ్ చూపించి వాదిస్తున్నాడు.

పేపరు_పులి

@మావాడి_హోంవర్కు అలా రాయకూడదు. శాతంలో ఉన్న రెండు సంఖ్యల తేడాను "శాతం పాయింట్లు" అనాలి. 28 నుంచి 18కి తగ్గితే 10 శాతం పాయింట్ల తగ్గుదల. శాతంలో చెప్పాలంటే పన్ను రేటు తగ్గింది 10/28, అంటే 35.71 శాతం. బస్తా ధర తగ్గింది 7.81 శాతం. ఒకే వార్తలో మూడు వేర్వేరు సంఖ్యలు, మూడింటికీ మూడు హారాలు.

రిజర్వు బ్యాంకు రెపో రేటు (అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) కూడా ఇంతే. 2025 ఫిబ్రవరి సమీక్షకు ముందు 6.50, జూన్ సమీక్ష తర్వాత 5.50. తగ్గింది 1 శాతం పాయింటు, బ్యాంకు భాషలో 100 బేసిస్ పాయింట్లు. "రెపో రేటు 1 శాతం తగ్గింది" అన్నమాటను అక్షరాలా లెక్కేస్తే 6.50లో 1 శాతం 0.065, అప్పుడు రేటు 6.435 అవ్వాలి. నిజంగా తగ్గింది 1/6.5, అంటే 15.38 శాతం.

బడిగంట

7వ తరగతికి శాతం పాయింట్లు అవసరమా? ఉన్న శాతమే సరిగ్గా దిగలేదంటుంటే దానికి పాయింట్లు తగిలిస్తే ఇంకా తికమక అవుతారు. పరీక్షలో అడగరు కూడా. నా ఓటు: కొన్నవెల, అమ్మినవెల, ప్రకటన వెలలతో ముందు గట్టిపరచండి. జీఎస్టీ, రెపో తర్వాత సంగతి.

పేపరు_పులి

@బడిగంట పేరు చెప్పక్కర్లేదు, కానీ 28, 18 పక్కన ఉన్న శాతం గుర్తు చూసే కదా పిల్లలు 10 శాతం అంటున్నారు. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వదిలేసి పక్క లెక్కలు ఎన్ని చేయించినా అది మళ్లీ వస్తుంది.

హారమే_ఆధారం

ఇద్దరి మాటా కలిసే దారి ఉంది. మొదటి వారం శాతం గుర్తు ఉన్న సంఖ్యలు ఇవ్వకుండా రూపాయలు, కిలోలు, లీటర్లతోనే చేయించండి. హారం పక్కన పేరు రాయడం అలవాటు చేయండి. ఉత్త 25/320 కాదు, "25 రూ. తగ్గుదల / 320 రూ. పాత ధర". పేరు రాయాలంటే అదేంటో ఆలోచించక తప్పదు. పేపరు దిద్దేటప్పుడు కూడా తొలి విలువ, కొత్త విలువ, తగ్గుదల అని మూడు వరుసలు విడిగా ఉంటే, చివర్లో భాగహారం తప్పినా సోపానాలకు మార్కులు వేయొచ్చు.

ఎనిమిదో_క్లాసు

@బడిగంట కొన్నవెల, ప్రకటన వెల అన్నారు కాబట్టి. అక్కడే అసలు చిక్కు. ఒకే లెక్కలో రెండు హారాలు ఉంటాయి. డిస్కౌంటు శాతం ప్రకటన వెల మీద, లాభనష్టాల శాతం కొన్నవెల మీద. ఈ లెక్క ఇచ్చి చూడండి:

కొన్నవెల 1,000. ప్రకటన వెల 1,500. డిస్కౌంటు 20 శాతం. లాభ శాతం ఎంత?

డిస్కౌంటు 1,500లో 20 శాతం, 300. అమ్మినవెల 1,200. లాభం 200, కొన్నవెల 1,000లో అది 20 శాతం. డిస్కౌంటూ 20 శాతమే, లాభమూ 20 శాతమే, కానీ ఒకటి 300 రూపాయలు, ఇంకోటి 200. "రెండూ 20 శాతమే అయినప్పుడు రూపాయలు ఎందుకు వేరు?" అని అడిగి క్లాసును రెండు నిమిషాలు వదిలేయండి. హారం గురించి ఇంతకంటే బాగా చెప్పే లెక్క నాకు కనబడలేదు.

మావాడి_హోంవర్కు

ఇంకో సందేహం. "15 శాతం తగ్గించాక సైకిలు ధర 1,700 అయితే అసలు ధర ఎంత?" మావాడు 1,700కి 15 శాతం కలిపి 1,955 రాశాడు. గైడులో 2,000 ఉంది. తగ్గించింది కలిపితే పాతది రావాలి కదా అంటున్నాడు. నాకూ అలాగే అనిపిస్తోంది.

సున్నాశేషం

తగ్గించింది కలిపితే పాతది వస్తుంది, అందులో సందేహం లేదు. తగ్గించింది ఎన్ని రూపాయలు అన్నదే ప్రశ్న. 15 శాతం తీసింది 2,000లోంచి, అంటే 300. మీవాడు కలిపింది 1,700లో 15 శాతం, అంటే 255. 45 రూపాయలు తక్కువ కలిపాడు.

కాగితం మీద ఒక పొడవాటి పట్టీ గీసి 20 సమాన గళ్లు చేయమనండి. ఒక్కో గడి 5 శాతం. 15 శాతం అంటే 3 గళ్లు, వాటిని కొట్టేయాలి. మిగిలినవి 17 గళ్లు, వాటి విలువ 1,700. ఒక్కో గడి 100. మొత్తం 20 గళ్లు 2,000. ఇలా ఒక్కసారి గీస్తే 1,955 మళ్లీ రాదు. ఆ 17 గళ్లలో 15 శాతం అనేది కొట్టేసిన 3 గళ్లకు సరిపోదని కంటికే కనిపిస్తుంది.

డాలస్_అమ్మ

ఇక్కడి స్కూళ్లలో పట్టీ బొమ్మ చిన్న క్లాసుల్లోనే వస్తుంది, 7వ గ్రేడుకి నేరుగా గుణకం వాడతారు. 15 శాతం తగ్గితే మిగిలేది 85 శాతం, అంటే 0.85. ముందుకు వెళ్తే 2,000 × 0.85 = 1,700. వెనక్కి వెళ్తే 1,700 ÷ 0.85 = 2,000. ఒకటే సంఖ్య, ఒకవైపు గుణకారం, ఇంకోవైపు భాగహారం. 1.15తో గుణించడం, 0.85తో భాగించడం ఒకటి కాదని తెలిస్తే చాలు. 1 ÷ 0.85 = 1.176. అంటే 15 శాతం తగ్గినదాన్ని మళ్లీ పాత చోటికి తేవాలంటే 17.6 శాతం పెంచాలి.

బడిగంట

గుణకం పద్ధతి త్వరగా అవుతుంది, నిజమే. కానీ దశాంశాల భాగహారం రాని పిల్లాడికి 1,700 ÷ 0.85 ఇస్తే చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక 20 అనో 200 అనో రాస్తాడు. మన పిల్లలకు ఏకవస్తు పద్ధతి అలవాటు: 85 శాతం 1,700 అయితే 1 శాతం 20, 100 శాతం 2,000. మూడు వరుసలు. నేనైతే దీన్నే ముందు చెప్తాను.

డాలస్_అమ్మ

@బడిగంట మీరు చెప్పిందీ 0.85తో భాగించడమేనండీ, రెండు అడుగుల్లో. 7వ తరగతికి మీ దారే నయం, ఒప్పుకుంటాను. కానీ రెండు మూడు తగ్గింపులు వరసగా వచ్చే లెక్కలకు గుణకం లేకపోతే పేజీ నిండిపోతుంది.

ఆడిటు_ఆఫీసు

క్యాలిక్యులేటర్ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. షాపుల్లో వాడే మామూలు క్యాలిక్యులేటర్‌లో 2000 − 15 % నొక్కితే 1,700 చూపిస్తుంది. దాన్ని చూసి వెనక్కి రావడానికి 1700 + 15 % నొక్కుతారు, 1,955 వస్తుంది. మీవాడు రాసిన జవాబు యంత్రం కూడా ఇస్తుంది! సరైనది 1700 ÷ 85 %.

బిల్లులో పన్ను విడదీసేటప్పుడు కూడా ఇదే తప్పు. 18 శాతం పన్నుతో కలిపి 1,180 ఉంటే, 1,180లో 18 శాతం తీసేసి 967.60 అంటారు. 1,180 ÷ 1.18 = 1,000 కావాలి. 1,180లో పన్ను వాటా 15.25 శాతమే.

గ్రూప్స్_గోపి

ఆషాఢం ఆఫర్ల లెక్క ఎవరూ ఎత్తలేదేంటి. "50% + 20%" బోర్డు చూసి 70 శాతం అనుకునేవాళ్లు చాలామంది. 1,000 రూపాయల చీర మొదట 500, ఆ 500లో 20 శాతం పోతే 400. మొత్తం తగ్గింపు 60 శాతం. పోటీ పరీక్షలకు అడ్డదారి: a + b − ab/100. 50 + 20 − 10 = 60.

పావలా_బేడ

మరి 50 + 50 బోర్డు పెడితే చీర ఉచితంగా ఇస్తారా :)

గ్రూప్స్_గోపి

75 శాతం. పావు వంతు కట్టి తీసుకెళ్లాల్సిందే. వరసగా ఎన్నిసార్లు 50 పెట్టినా సున్నాకి రాదు, ప్రతిసారీ మిగిలినదాంట్లో సగమే పోతుంది.

మావాడి_హోంవర్కు

ముందు 20, తర్వాత 50 అయితే?

డాలస్_అమ్మ

అంతే. 0.8 × 0.5 అయినా 0.5 × 0.8 అయినా 0.40. గుణకారంలో వరస మారినా ఫలితం మారదు. ఇక్కడ బిల్లులో అమ్మకం పన్ను కూడా ఇలాగే, డాలస్‌లో 8.25 శాతం. 100 డాలర్ల వస్తువుకు 20 శాతం తగ్గింపు ఉంటే ముందు తగ్గించి పన్ను వేసినా, పన్ను వేసి తగ్గించినా 86.60. శాతం కాకుండా "5 డాలర్లు తగ్గింపు" అని కూపన్ ఉంటే మాత్రం వరస ముఖ్యం. తీసివేత మధ్యలో వస్తే ఈ సూత్రం పనిచేయదు.

ఎనిమిదో_క్లాసు

ఏటా తగ్గే విలువ లెక్కలు కూడా ఇవే. 50,000 యంత్రం ఏటా 10 శాతం తగ్గితే 45,000, 40,500, 36,450. మూడేళ్లలో పోయింది 13,550, అంటే 27.1 శాతం. 30 అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ మొదటి 50,000 మీదే 10 శాతం తీస్తున్నారు. చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడాయే ఇది, తిరగేసి చూడండి. చక్రవడ్డీ చెప్పాక ఈ లెక్కలు ఇస్తే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

గ్రూప్స్_గోపి

పెరిగి తగ్గే లెక్కలకు భిన్నాల నిచ్చెన గుర్తుంచుకుంటే కాగితం అక్కర్లేదు. నాలుగో వంతు పెరిగితే, పాత చోటికి రావడానికి అయిదో వంతు తగ్గాలి.

100 శాతం పెరిగితే 50 శాతం తగ్గాలి
50 పెరిగితే 33⅓
33⅓ పెరిగితే 25
25 పెరిగితే 20
20 పెరిగితే 16⅔

"నూనె ధర 25 శాతం పెరిగింది, ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి" అని అడిగేది ఇదే. జవాబు 20. అదే నిచ్చెన తిరగేస్తే ప్యాకెట్ల లెక్క. ధర మార్చకుండా 100 గ్రాముల ప్యాకెట్‌ను 80 గ్రాములు చేస్తే బరువు 20 శాతం తగ్గింది, కానీ గ్రాముకు మీరు ఇచ్చేది 25 శాతం పెరిగింది.

చాక్‌పీసు

చాలా ఉపయోగపడుతోంది. పట్టీ బొమ్మ రేపే పెడతాను. ఇంకోటి అడగాలి. "30 శాతం తగ్గింది", "30 శాతానికి తగ్గింది" ఈ రెండింటినీ పిల్లలు ఒకేలా చదువుతున్నారు.

హారమే_ఆధారం

లెక్క కట్టకముందే సంఖ్యారేఖ మీద గుర్తు పెట్టించండి. 0 నుంచి 100 గీత. "30 శాతం తగ్గింది" అంటే 100 నుంచి వెనక్కి 30 అడుగులు, 70 దగ్గర ఆగాలి. "30 శాతానికి తగ్గింది" అంటే 30 దగ్గరే ఆగాలి, తగ్గుదల 70. "మూడో వంతు తగ్గింది", "మూడో వంతుకు తగ్గింది" కూడా అదే తరహా: మొదటిదాంట్లో మిగిలేది 66⅔, రెండోదాంట్లో 33⅓. ఒకే సంఖ్యతో ఈ నాలుగూ ఇచ్చి, జవాబు బదులు మిగిలిన భాగం రంగు వేయమనండి.

సీమ_నీళ్లు

హారం సరిగ్గా పెట్టినా లెక్క అర్థం లేకుండా పోయే చోటు ఒకటుంది. శ్రీశైలం డ్యాం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నిల్వ 215.81 టీఎంసీలు. నీళ్లు 854 అడుగులకు దిగాయనుకోండి. 31 బై 885 చేస్తే 3.5 శాతం. నీళ్లు 3.5 శాతమే తగ్గాయా? 854 దగ్గర ఉండేది దాదాపు 90 టీఎంసీలు. అంటే 58 శాతం నీళ్లు పోయాయి. 885 అడుగులు సముద్రమట్టం నుంచి కొలిచినవి, డ్యాం అడుగు నుంచి కాదు. పైగా జలాశయం పైకి వెళ్లేకొద్దీ వెడల్పు ఎక్కువ, పై అడుగులో ఉన్నన్ని నీళ్లు కింది అడుగులో ఉండవు. మట్టానికి శాతం కట్టకూడదు, నిల్వకు కట్టాలి.

ఇదే డ్యాంతో సరైన లెక్క కూడా ఇవ్వొచ్చు. కట్టినప్పటి నిల్వ సామర్థ్యం 308.06 టీఎంసీలు, పూడిక వల్ల 215.81కి పడిపోయింది. 92.25/308.06 = 29.9 శాతం. మన పిల్లలు ఈ సంఖ్య చేత్తో కట్టి చూడాలి.

సున్నాశేషం

@సీమ_నీళ్లు బాగా చెప్పారు. ఉష్ణోగ్రతకూ అంతే. 40 డిగ్రీల సెల్సియస్ నుంచి 30కి తగ్గితే 25 శాతం అంటారు. అదే ఎండను ఫారన్‌హీట్‌లో కొలిస్తే 104 నుంచి 86కి, అంటే 17.3 శాతం. ఒకే ఎండకు రెండు శాతాలు రాకూడదు కదా. సున్నా అంటే నిజంగా "ఏమీ లేదు" అయిన చోటే శాతానికి అర్థం: రూపాయలు, కిలోలు, లీటర్లు, మనుషులు.

బడిగంట

మనుషులు అన్నారు కాబట్టి, జనాభా తగ్గుదలకు నిజమైన ఉదాహరణ కావాలంటే నాగాలాండ్ ఉంది. 2001 జనగణనలో 19,90,036, 2011లో 19,78,502. తగ్గుదల 11,534. శాతం 0.58.

పిల్లలు దీన్ని 5.8 అనో 58 అనో రాస్తారు. కట్టకముందే అంచనా వేయించాలి: దాదాపు 20 లక్షలు, అందులో 1 శాతం 20 వేలు, సగం శాతం 10 వేలు. 11 వేల చిల్లర తగ్గింది కాబట్టి జవాబు సగం శాతానికి కాస్త ఎక్కువ. ఇంకేం రాసినా తప్పని వాళ్లకే తెలుస్తుంది.

ఆడిటు_ఆఫీసు

అంచనాతో పాటు హద్దు కూడా చెప్పండి. ఉన్నదాంట్లో 100 శాతానికి మించి తగ్గదు. 80 నుంచి 20కి తగ్గినప్పుడు 60/20 చేసి 300 శాతం అని రాసేవాళ్లను ఆ ఒక్క మాట ఆపుతుంది.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు బ్రాకెట్లు మరవకండి. =(B2-A2)/A2 అని ఉండాలి. =B2-A2/A2 అంటే ముందు భాగహారం జరిగి B2 − 1 వస్తుంది. తగ్గితే మైనస్ గుర్తుతో వస్తుంది. దాన్ని "−12 శాతం తగ్గుదల" అని రాయకండి, "మార్పు −12 శాతం" లేదా "తగ్గుదల 12 శాతం", రెంటిలో ఒకటే.

మావాడి_హోంవర్కు

శాతాల సరాసరి తీయొచ్చా? ఎ సెక్షన్‌లో గైర్హాజరు 25 శాతం, బి సెక్షన్‌లో 5 శాతం తగ్గితే మొత్తం మీద 15 అని రాశాడు.

హారమే_ఆధారం

రెండు హారాలు సమానమైతేనే. ఎ లో 40 నుంచి 30కి, బి లో 60 నుంచి 57కి తగ్గాయనుకోండి. మొత్తం 100 నుంచి 87. తగ్గుదల 13 శాతం. శాతాలు కలపకూడదు, అంకెలు కలిపి మళ్లీ శాతం కట్టాలి.

గోదారిగట్టు

ఊళ్లో పిల్లలకు ధాన్యం తేమ లెక్క ఇవ్వండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. కోసినప్పుడు 24 శాతం ఉన్న ధాన్యాన్ని కళ్లంలో ఆరబోసి 17కి తెచ్చారు. 100 కిలోల్లో ఎంత బరువు తగ్గుతుంది?

బడిగంట

24 − 17 = 7 కిలోలు, 7 శాతం.

గోదారిగట్టు

@బడిగంట అందరూ అదే అంటారు మాస్టారూ, అక్కడే తేడా వస్తుంది. 24 శాతం 100 కిలోల మీద, 17 శాతం ఆరాక మిగిలిన బరువు మీద. హారాలు వేరు, తీసివేయకూడదు. ఆరబోస్తే మారనిది ఏంటో పట్టుకోవాలి. నీళ్లు పోతాయి, గింజలోని పొడి పదార్థం పోదు. 100 కిలోల్లో 24 నీళ్లు, 76 పొడి పదార్థం. ఆరాక తేమ 17 శాతం అంటే, ఆ 76 కిలోలు కొత్త బరువులో 83 శాతం.

76 ÷ 0.83 = 91.57 కిలోలు. తగ్గింది 8.43 శాతం.

40 కిలోల బస్తాకు పొడి పదార్థం 30.4, ఆరాక 36.63 కిలోలు. బస్తాకు 3.37 కిలోలు పోతాయి. 7 శాతం లెక్కన 2.8 అనుకుంటారు, దాంతో తూకం దగ్గర గొడవ.

బడిగంట

76ను 0.83తో భాగించడం... అంటే ఇది ఆ సైకిలు లెక్కే. మిగిలినది తెలుసు, మొత్తం కావాలి. సరిచూడటం ఎలా చెప్తారు?

గోదారిగట్టు

91.57లో 17 శాతం కట్టండి, 15.57 కిలోల నీళ్లు. దానికి 76 కలిపితే 91.57 రావాలి, వస్తుంది. 7 కిలోలే తగ్గి 93 మిగిలిందనుకుంటే అందులో నీళ్లు 17 కిలోలు. 17/93 అంటే తేమ 18.28 శాతం. అంటే ధాన్యం ఇంకా ఆరలేదు, కేంద్రంలో మీటరు పెడితే వెనక్కి పంపిస్తారు.